మబ్బు కింద పచ్చరంగు

పోయిన వారం మనం పుర్రచెయ్యిని సర్వే ఆఫీసు పటాల గదిలో, అన్నిటికన్నా అడుగు సొరుగు ముందు, మోకాళ్ళ మీద వదిలేసి వచ్చాం. ఆవిడ చేతిలో పద్నాలుగో నంబరు పటం ఉంది. డెబ్భై ఏళ్ళ కిందటి మొదటి ముద్రణ. అలాంటిది లేదు, చెదలు తినేశాయి అని అడవి ఆఫీసువాళ్ళు కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పిన పటం అది. అందులో కొండ నెత్తిన ఉన్న పచ్చికబయలు తెల్లగా ఉంది. పటాల భాషలో తెలుపంటే గడ్డి, పచ్చ అంటే అడవి. ఆ తెలుపు మధ్యలో ఏడు చిన్న సున్నాలు, ఏడు గొర్రెల దొడ్లు. పక్కనే నీలం చుక్క, నీటి ఊట. ఆవిడ దాన్ని గుండెలకి హత్తుకుని ఏడ్చింది. మనం కూడా అక్కడే కాస్త కళ్ళు తుడుచుకుని, హమ్మయ్య, ఆవిడ బావ జైల్లోంచి బయటికి వచ్చినట్టే అనుకున్నాం.

తొందరపడ్డాం. ఆ సాయంత్రమే లాయరుగారు ఆ ఆశ మీద బిందెడు నీళ్ళు కుమ్మరించారు.

“పాతదాంట్లో తెలుపుంది, సంతోషం. ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి రెండో ముద్రణలో పచ్చ ఉంది. ఇప్పుడు వెళ్ళి చూస్తే మళ్ళీ గడ్డి. దీని అర్థమేంటమ్మా? మధ్యలో అడవి పెరిగింది, మీ బావా, కొండ మీది ఆ నలభై గొర్రెలవాళ్ళ కుటుంబాలూ కలిసి నరికేసి మందలు తోలారు. వాళ్ళు అనేది అదేగా! మీరు తెచ్చిన పటం మనకి పనికొస్తుందో, వాళ్ళకి పనికొస్తుందో నాకే తెలీడం లేదు.”

“మరి ఏం చెయ్యమంటారు?”

“రెండో పటం తప్పని, దాన్ని గీసినవాళ్ళే చెప్పాలి. సోమవారం మధ్యాహ్నం రెండు గంటల్లోపు కోర్టులో.”

ఈరోజే సోమవారం. పొద్దున్న పదకొండున్నర. పుర్రచెయ్యి రెండు పటాలూ చుట్టి సంచీలో పెట్టుకుని, సైకిళ్ళ షాపు పక్కనున్న ఇరుకు మెట్లెక్కుతోంది. పైన, ఆవిడకి పటాలు గీయడం నేర్పిన మాస్టారి ఇల్లు.

ఆవిడకి పేరు లేక కాదు. ఎడమచేత్తో గీస్తుంది కాబట్టి చిన్నప్పుడు అక్క పుర్రచెయ్యి అంది, సర్వే ఆఫీసులో పటాలు గీయడానికి చేరాక అక్కడివాళ్ళూ అదే అన్నారు, ఇప్పుడు మనకీ అదే అలవాటైంది. యాభై ఏడేళ్ళొచ్చినా ఆ పిలుపు వదల్లేదు. మూడు నెలల్లో రిటైరవుతుంది. గడిచిన మూడు నెలలుగా అక్క మొగుడు జైల్లో ఉన్నాడు, ఎన్నడూ లేని అడవిని నరికినందుకు.

ఆ మూడు నెలలూ అక్క రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఒకే మాటతో ముగించేది. “ఆ పచ్చరంగు పూసిన చెయ్యి పడిపోను!” ఇవతల నుంచి చెల్లెలు కూడా “తథాస్తు” అనేది. ఆ తథాస్తుని కాస్త గుర్తు పెట్టుకోండి.

తలుపు మాస్టారి కోడలు తీసింది. “ఆయనకి బీపీ. గట్టిగా మాట్లాడించకండి” అని, గట్టిగానే చెప్పింది.

మాస్టారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. ఎనభై రెండేళ్ళ మనిషి. ఒకప్పుడు వెంట్రుక మందం గీతలో తేడా పట్టేసే కళ్ళు, ఇప్పుడు రెండూ తెల్లబడిపోయాయి. అడుగుల చప్పుడు విని, “పుర్రచెయ్యా?” అన్నారు.

“నేనే మాస్టారూ.”

“కూర్చో. సంచీలో పటాలున్నాయి. గుడ్డ అతికించిన కాయితం చప్పుడు నాకు తెలీదూ?”

ఆవిడ కూర్చోలేదు. దారి పొడుగునా మర్యాదగా అడగాలనే అనుకుంది. ఈయన దగ్గర పని నేర్చుకున్న మనిషి, ఈయన కొట్టిన మొట్టికాయలు ఇంకా నెత్తి మీద ఉన్నాయి. కానీ రెండో ముద్రణ బల్ల మీద పరిచి, అడుగు అంచున ఆయన పొడి అక్షరాలు చూసేసరికి ఆ మర్యాద కాస్తా ఎగిరిపోయింది.

“పద్నాలుగో నంబరు. పచ్చరంగు అచ్చేసే పలక, పచ్చ పలక, మీరు చేశారు. కింద మీ అక్షరాలే ఉన్నాయి. గడ్డి మీద అడవి పూసేశారు మాస్టారూ! ఏడు దొడ్లు, ఒక ఊట, నలభై కొంపలు, అన్నీ ఒక్క కుంచెతో తుడిచిపారేశారు. మా బావ జైల్లో ఉన్నాడని మీకు తెలుసు. పేపర్లో వచ్చింది, మీ కోడలు మీకు పేపర్ చదివి వినిపిస్తుందనీ తెలుసు. మూడు నెలలు దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చున్నారు. ఒక్క పోస్టు కార్డు రాయలేకపోయారా? ‘అమ్మాయ్, తప్పయింది’ అని ఒక్క ముక్క?”

కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది. మాస్టారు చెయ్యి ఊపి ఆవిణ్ణి లోపలికి పంపేశారు.

“ఇంకా ఉంటే అనెయ్” అన్నారు.

ఇంకా చాలానే ఉంది. అనేసింది కూడా. ఈ చేతుల కిందే నేను పని నేర్చుకున్నానని చెప్పుకోడానికి సిగ్గేస్తోందంది. చెప్పే శ్రద్ధ వేరు, చేసే శ్రద్ధ వేరూ అంది. మా అక్క శాపం ఊరికే పోదంది. అంత ముసలాయన్ని పట్టుకుని అంతంత మాటలు అనకూడదు, మనకీ వింటుంటే ఇబ్బందిగానే ఉంది. ఆయన మాత్రం తల దించుకుని అన్నీ విన్నారు, పిల్లవాడి చేత పాఠం అప్పజెప్పించుకునే మాస్టారి లాగా, ఎక్కడా అడ్డుపడకుండా.

ఆవిడ ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు అడిగారు. “భూతద్దం తెచ్చావా?”

“ఎప్పుడూ సంచీలోనే ఉంటుంది.”

“నాకు కళ్ళు లేవు. నా బదులు నువ్వు చూడు. ఆ పటాన్ని నాలుగు ముక్కలుగా పంచుకుని గీశాం కదా. ముందు కింది రెండు ముక్కల్లో చూడు. పచ్చలో చెట్టు గుర్తులున్నాయి, ఎలా ఉన్నాయి?”

“చెట్లు చూసి ఏం చేస్తాను మాస్టారూ? టైం లేదు నాకు.”

“చూడమంటున్నానుగా.”

ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి గొంతు అది. ఆవిడ వంగి చూసింది. చిన్న కాడ, పైన గుండ్రటి తల. వందల చెట్లు, గింజంత కూడా తేడా లేకుండా నిటారుగా ఉన్నాయి.

“తిన్నగా ఉన్నాయి.”

“ఇప్పుడు పై ముక్క, మీ పచ్చికబయలున్న చోటు.”

భూతద్దం పైకి జరిగింది. మూడు నెలలుగా ఆవిడ ఆ చోటుని చూస్తూనే ఉంది. రంగు కింద దొడ్డి గుర్తు ఎక్కడైనా మిగిలిందా, ఊట నీలం తొంగి చూస్తోందా అని వెతికి వెతికి కళ్ళు వాచాయి. కానీ లేనివాటి కోసం వెతుకుతూ, ఉన్న చెట్లని ఒక్కనాడూ చూడలేదు. ఇప్పుడు చూసింది.

చెట్లు ఎడమకి వాలి ఉన్నాయి.

ఎక్కువ కాదు. గాలి కొడితే కాస్త ఒరిగినంత. తెలియనివాళ్ళ కంట పడదు. తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే, ఆ ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు.

“నేను గీస్తే చెట్లు తిన్నగా ఉంటాయమ్మాయ్” అన్నారు మాస్టారు. “నీచేత కాయితాల నిండా చెట్లు గీయించేవాణ్ణి, గుర్తుందా? వాలకూడదు, వాలకూడదు అని మొట్టికాయ వేసేవాణ్ణి. నీ చెట్టు నిటారుగా నిలబడ్డానికి ఏడాది పట్టింది. ఇది ఆ ఏడాది లోపలిది. నేర్చుకునేవాళ్ళ పని మీద నేర్పేవాడి అక్షరాలే పడతాయి కదా మన ఆఫీసులో. అక్షరాలు నావే. చెయ్యి నీది.”

ఆవిడ భూతద్దం కింద పెట్టేసింది. బల్ల పట్టుకుంది, ఆ తర్వాత కూర్చుంది.

మాస్టారు తడుముకుంటూ లేచి, గోడ బీరువా తెరిచి, బట్టల మడతల కింద నుంచి ఒక అట్ట సంచీ తీశారు. అందులో ఒక ఫొటో ఉంది, విమానంలోంచి తీసింది. వెనక వైపు పద్నాలుగు, పై ముక్క అని రాసుంది. చుట్టూ నల్లగా అడవి. మధ్యలో, పచ్చికబయలు ఉండాల్సిన చోట, తెల్లటి మబ్బు తునక.

“మబ్బు కింద ఏముందో?” అన్నారు మాస్టారు, సగంలో ఆపి.

“మబ్బుకే తెలుసు” అంది ఆవిడ. పెదాలు వాటంతటవే అనేశాయి. గీసే గదిలో అందరూ బట్టీ పట్టిన మాట అది. ఫొటోలో మబ్బు అడ్డొస్తే అక్కడ ఏ రంగూ వెయ్యకూడదు. తెల్లగా వదిలేసి, పసుపు చీటీ గుచ్చాలి. ఆ చీటీని డౌటు చీటీ అనేవారు. దాన్ని పట్టుకుని మనుషులు వచ్చే ఎండాకాలం కొండెక్కి, కళ్ళతో చూసి వచ్చి చెప్పేదాకా పటం ఆగాలి. లేదా పాత ముద్రణ తెప్పించి పోల్చుకోవాలి. దానికి కింద పాత పటాల గదికి అర్జీ పెట్టుకుని మూడు రోజులు ఎదురుచూడాలి.

పందొమ్మిదేళ్ళ పిల్లకి మూడు రోజులంటే యుగం. మొదటిసారి తన చేతికిచ్చిన ముక్క. మిగతావాళ్ళ ముక్కలు అయిపోయాయి. చుట్టూ అడవే, మధ్యలో మాత్రం ఇంకేముంటుంది? కుంచె ముంచింది, పూసింది, పైన చెట్లు గీసింది. ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళింది. ఆ ఈల ఇప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, పటం ముక్క గుర్తు రాలేదు గానీ. ఏమీ చెయ్యకుండా చేతులు ముడుచుకు కూర్చున్నా సరిపోయేది. తెలుపు తెలుపుగానే ఉండిపోయేది. దొడ్లు కనపడకపోయినా గడ్డి బతికేది.

“నాకు తెలీదు మాస్టారూ” అంది చివరికి. “అప్పటికి అక్క పెళ్ళే కాలేదు. నాకది వట్టి నంబరు.”

“తెలుసు. కానీ ఆ తర్వాత ముప్పై ఆరేళ్ళు మీ అక్క దగ్గరికి వెళ్ళొస్తూనే ఉన్నావుగా. ఆ గడ్డి మీద నడిచావుగా. ఒక్కసారైనా పటం తీసి చూడలేదా?”

“అక్క ఇంటికి పటం చూసుకుంటూ ఎవరు వెళ్తారు మాస్టారూ?”

కోడలు టీ తెచ్చి పెట్టి, ఇద్దరి మొహాలూ చూసి, బీపీ మాట ఎత్తకుండా వెళ్ళిపోయింది.

“మరి మీరెందుకు ఒప్పుకున్నారు?” పుర్రచెయ్యి గొంతు మళ్ళీ లేచింది. మునిగేవాళ్ళు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఆ ప్రశ్న పట్టుకుంది. “మీరు సరిచూడాలి కదా! ఫొటో మీ దగ్గరే ఉంది కదా!”

“చూశాను. మబ్బు చూశాను, నీ పచ్చ చూశాను, పసుపు చీటీ లేకపోవడం చూశాను. పటం మర్నాడు ప్రెస్సుకి వెళ్ళాలి.” ఆయన టీ కప్పు పట్టుకున్నారు గానీ తాగలేదు. “తప్పని రాస్తే కారణం రాయాలి. మబ్బు మీద రంగేసిందని రాస్తే, ఆ వారమే నిన్ను పంపించేసేవాళ్ళు. నీ ప్రొబేషన్ ఇంకా పదిరోజులు ఉంది. మీ నాన్న పోయి నాలుగు నెలలు కాలేదు. ఇంట్లో మీ అమ్మా, నువ్వూ, పెళ్ళి కావాల్సిన అక్కా. నేనూ నీ లాగే అనుకున్నాను, చుట్టూ అడవే కదా అని. అయినా అంత ఎత్తున మనుషులెవరుంటారులే అనుకున్నాను. సంతకం పెట్టాను. ఫొటో మాత్రం ఫైల్లో పెట్టలేదు. పారెయ్యడానికీ చేతులు రాలేదు.”

మంచికి పోతే చెడు ఎదురైందని మనవాళ్ళు అంటారు. ఒక పిల్ల ఉద్యోగం నిలబెడదామని ఒక మంచి మనిషి చిన్న సంతకం పెట్టాడు. ఆ సంతకం ముప్పై ఎనిమిదేళ్ళు నిదానంగా నడిచి నడిచి, కొండెక్కి, ఆ పిల్ల అక్క మొగుడి చేతికే సంకెళ్ళు వేసింది. ఇందులో ఎవర్ని తిట్టాలో నాకైతే తోచడం లేదు.

పుర్రచెయ్యి ఏడవలేదు. పోయిన వారం పటాన్ని పట్టుకుని అంత ఏడ్చిన మనిషి, ఇప్పుడు తన ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చుంది. ఎవరో తెలియనివాళ్ళు వదిలేసి వెళ్ళిన వస్తువులా ఉంది అది.

“కాయితం తీసుకో” అన్నారు మాస్టారు. “నేను చెప్తాను, రాయి. కింద వేలు పెట్టి చూపించు, సంతకం చేస్తాను.”

“ఏం రాయాలి?”

“పద్నాలుగో నంబరు పచ్చ పలక నేను చేశాను. మబ్బు మీద రంగు వేసింది నేనే. పసుపు చీటీ పెట్టనిది నేనే. ఇదిగో ఆ ఫొటో. ఇంతే.”

“మాస్టారూ!”

“అక్షరాలు నావే కదా. చెట్లు ఎటు వాలాయో ఎవడు చూస్తాడు? ఎనభై రెండేళ్ళ గుడ్డివాణ్ణి, నన్నేం చేస్తారు, మళ్ళీ సర్వేకి పంపుతారా?” నవ్వబోయారు, దగ్గొచ్చింది. “నువ్వు మీ అక్క మొహం చూడాలి అమ్మాయ్. ఇంకా చాలా ఏళ్ళు చూడాలి.”

ఆవిడ వద్దనలేదు. అనాలి. అంటుందనే మనం ఎదురుచూశాం. కానీ కాయితం తీసింది, ఆయన చెప్పినట్టే రాసింది, ఆయన వేలు పట్టుకుని చోటు చూపించింది. ఆయన సంతకం చేశారు. అక్షరాలు వంకర పోయాయి గానీ, ఆయనవే. కాయితం మడతపెట్టి ఫొటోతో కలిపి సంచీలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర వంగి ఆయన పాదాలు ముట్టుకుంది. ఆయన తల నిమరబోయారు, చెయ్యి గాల్లోనే తడబడి ఆవిడ భుజానికి తగిలింది.

బస్టాపులో నిలబడేసరికి పన్నెండున్నర. కోర్టు ఊరికి అవతలి చివర, ముప్పావుగంట దారి. అప్పుడు ఫోన్ మోగింది. అక్క.

“ఎక్కడున్నావే? ఇక్కడ కొంప మునిగేలా ఉంది. మీ బావని కోర్టుకి తీసుకొచ్చారు, ఒప్పుకుంటానంటున్నాడు!”

“ఏం ఒప్పుకుంటాడు?”

“నరికానని. అవతలి లాయరు కాయితం తెచ్చాడు. నేనే నరికానని సంతకం పెడితే, మిగతా కుటుంబాల జోలికి చలికాలం పోయేదాకా రామన్నాడట. మన లాయరేమో తలకాయ ఊపుతున్నాడు. నా మాట వినడం లేదు ఈయన. ఉండు, ఇస్తాను, నువ్వు చెప్పు. అందరూ ఇక్కడే ఉన్నారు, అందరికీ వినపడేలా పెడుతున్నాను.”

ఫోన్లో ముందు కోర్టు వరండా రొద వినిపించింది. చంటిపిల్ల ఏడుపు, ముసలాళ్ళ దగ్గు. నలభై కుటుంబాలూ దిగి వచ్చినట్టున్నాయి. ఆ తర్వాత బావ గొంతు. కొండ మీద ఒక్క కేకేస్తే రెండొందల గొర్రెలు తల తిప్పే గొంతు, ఇప్పుడు దాన్ని వినాలంటే ఫోన్ చెవికి అదుముకోవాల్సి వచ్చింది.

“మరదలా, బాగున్నావా?”

“బావా, సంతకం పెట్టొద్దు. వస్తున్నాను.”

“విను. ఆ పటం గీసిన ఏడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆ గడ్డి మీదే పడుకున్నాను, ఆ గడ్డి మీదే లేచాను. ఒక్క చెట్టు నీడ ఎరగను. కానీ మూడు నెలలుగా రోజూ పొద్దున్నే ఆ పటం నా ముందు పెట్టి అడుగుతున్నారు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకు చెట్లే కనపడుతున్నాయి మరదలా. మా నాన్న దొడ్డి మధ్యలో చెట్లు. అబద్ధం నేను చెప్తున్నానేమోనని భయమేస్తోంది. దాని మీద మీ ఆఫీసు ముద్ర ఉంది కదా. నువ్వు పనిచేసే ఆఫీసు తప్పు చెప్పదని మావాళ్ళందరికీ నేనే చెప్పేవాణ్ణి.” ఫోన్ నోటికి ఇంకా దగ్గరగా జరుపుకున్నట్టున్నాడు. “ఒక్క మాట చెప్పు. నీకు తెలిసుంటుంది. అక్కడ అడవి ఉండేదా?”

“లేదు” అంది పుర్రచెయ్యి. “లేదు బావా. ఎప్పుడూ లేదు. నా దగ్గర రుజువుంది. గడ్డే. నువ్వు చూసిందే నిజం.”

అవతల ఎవరో పెద్దగా ఏడ్చారు. మగ గొంతు. బావదే అనుకోడానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు. వరండా అంతా ఒక్కసారి గోల, ఆ గోలలో లాయరుగారు ఏదో అరుస్తున్నారు. బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఆవిణ్ణి తోసుకుంటూ ఎక్కుతున్నారు. కుడి భుజాన సంచీ, సంచీలో మాస్టారి కాయితం.

ఫోన్ మళ్ళీ అక్క చేతికొచ్చినట్టుంది. అక్క ప్రతి మాటా స్పష్టంగా పలికింది. వెనక ఎవరో ‘వినండి, వినండి’ అని నలభై కుటుంబాలనీ ఫోన్ దగ్గరికి పిలుస్తున్నారు.

“ఇప్పుడు చెప్పవే పుర్రచెయ్యీ. ఆ పచ్చరంగు పూసిన చెయ్యి ఎవరిది?”

ఫోన్ ఆవిడ ఎడమచేతిలో ఉంది.